దోషి గదిలో లేనప్పుడు

చుక్క పడింది. ఇంకోటి పడింది. సీసా కింద వేలెడంత గొట్టంలో చుక్క పడి పగిలి మళ్ళీ చుక్కవుతోంది, సన్నటి పైపులోంచి దిగి మా అన్నయ్య మోచేతి మడతలోకి పోతోంది, అది మందో ఉప్పునీళ్ళో అన్నయ్యకి తెలియదు, సూది గుచ్చిన సిస్టర్‌కి తెలియదు, డాక్టర్‌కీ తెలియదు, సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్ళు, ఎవరికి ఏది ఎక్కుతోందో ఎక్కడో ఒక కంప్యూటర్‌కి మాత్రమే తెలుసు. నాకు ఇంకో సంగతి తెలుసు. ఈ ఉదయం నుంచి తెలుసు. అది మందైనా ఉప్పునీళ్ళైనా ఒకటే.

సీసా ఖాళీ కావడానికి గంట పడుతుందన్నారు, పావు వంతు అప్పుడే దిగిపోయింది. ఈ గంటలో నేను నోరు విప్పాలి, లేదా మూసుకోవాలి. విప్పితే అన్నయ్య ఆశ పోతుంది, మూసుకుంటే ఊపిరి పోతుంది, ఇంత తేలికైన లెక్క నా జీవితంలో ఎప్పుడూ రాలేదు, అయినా చెయ్యి ఆడడం లేదు. అన్నయ్యది ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. స్పాంజిలా ఉండాల్సినవి ఎండిన తోలులా అయిపోతాయి, కింది అంచుల్లో మొదలై పైకి పాకుతుంది, పాకినంత మేర మళ్ళీ వెనక్కి రాదు. దానికి ఒక పాత మాత్ర ఉంది. అది జబ్బుని పోగొట్టదు, దాని నడకని నెమ్మది చేస్తుంది, అంతే. ఈ కొత్త మందు పరీక్షలో చేరాలంటే ఆ మాత్ర మానెయ్యాలి, రెండూ కలిస్తే కాలేయానికి ముప్పని షరతు. అన్నయ్య మానేశాడు. ఇవాళ ఎక్కేది మూడో సీసా. మొదటి సీసాకి ముందు, ఊపిరి ఎంత పడుతుందో కొలిచే ఊదుడు పరీక్షలో వచ్చిన అంకెనీ, ఇవాళ పొద్దున వచ్చిన అంకెనీ పక్కపక్కన పెట్టి చూశాను. పడిపోయింది. కొద్దిగా తేడాలు వస్తుంటాయిలెండి అన్నాడు డాక్టర్, పేషెంటు చెల్లెలు లెక్కల మనిషని ఆయనకి తెలుసు, అందుకే ఆ మాట నా మొహం చూడకుండా అన్నాడు.

ఏమే లెక్కలమ్మా, సీసా వంక అలా గుడ్లప్పగించి చూస్తే తొందరగా దిగుతుందా అంటున్నాడు అన్నయ్య. లేదన్నట్టు తలూపాను. అన్నయ్య కారు నడపడం నేర్పుతాడు, నేర్పేవాడు, ఇప్పుడు ఆ డ్రైవింగ్ స్కూలు ఇంకెవరో చూసుకుంటున్నారు. వాక్యానికి రెండుసార్లు ఆగి గాలి పీల్చుకుంటాడు, ఆగినప్పుడల్లా ఎదుటివాళ్ళు జాలిగా చూస్తారేమోనని తనే ముందు జోకు వేస్తాడు, నా బండి ఫస్ట్ గేరు దాటడం లేదు, హారన్ కొట్టకండి అంటాడు. ఇందాక సూది గుచ్చిన సిస్టర్‌తో కూడా అదే అన్నాడు, ఆ అమ్మాయి పకపకా నవ్వింది, లైసెన్సు పరీక్షలో నాలుగుసార్లు తప్పానండీ అంది, నా దగ్గరికి రాకపోవడం వల్లే అన్నాడు, నాకు నవ్వు రాలేదు. అతని కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉండేది. నేర్చుకునేవాళ్ళకి ఆ సంగతి గుర్తుండదు, వాళ్ళే నడుపుతున్నామనుకుంటారు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు లారీ ఎదురైతే కళ్ళు మూసుకున్నాను, కళ్ళు తెరిచేసరికి కారు ఆగి ఉంది, అన్నయ్య కాలు తన బ్రేకు మీదే ఉంది, ఇంట్లో చెప్పనులే అన్నాడు, నిజంగానే చెప్పలేదు.

ఈ మందు జన్యువుల ల్యాబులో నేను వేసిన లెక్కలోంచి పుట్టింది. ఎలా పుట్టిందో ఒకసారి అన్నయ్యకి చెప్పాను, వంటింటి గట్టు మీద కూర్చుని, వదిన గిన్నెలు తోముతూ వింటూ ఉంది. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పొడుగాటి రాత ఉంటుంది అన్నయ్యా, నాలుగే నాలుగు అక్షరాలతో రాసింది. ఈ జబ్బున్న వేలమందినీ లేని వేలమందినీ తెచ్చి ఆ రాతలు పోల్చి చూస్తే, ఒకచోట తేడా కనిపిస్తుంది, జబ్బున్నవాళ్ళలో ఒక అక్షరం ఎక్కువసార్లు మారి ఉంటుంది. అయితే చిక్కేమిటంటే ఆ చోట మారింది ఒక్క అక్షరం కాదు, చుట్టుపక్కల వందల అక్షరాలు, తాతముత్తాతల నుంచీ ముక్కలు ముక్కలుగా కలిసే వస్తాయి, ఒకటి మారితే పక్కదీ మారే ఉంటుంది. జబ్బు తెచ్చింది వాటిలో ఒకటి, మిగతావి ఊరికే వెంట ఉన్నవి. అన్నయ్య ఆలోచించి, అంటే యాక్సిడెంట్ అయిన చోటల్లా ఒకే గుంపు కనిపిస్తోంది, గుద్దింది ఎవడో తేల్చాలి, అంతేనా అన్నాడు. అంతే. ఇన్నేళ్ళలో ఇంత బాగా మా ల్యాబులో కూడా ఎవరూ చెప్పలేదు. మరి ఎలా తేలుస్తారు అంది వదిన. నింద పంచుతాం వదినా, అన్నాను. మొత్తం నింద ఒకటి అనుకో, గుంపులో ప్రతివాడికీ సాక్ష్యాన్ని బట్టి ఒక వాటా ఇస్తాం, ఒకడికి పైసా, ఇంకొకడికి పది పైసలు, అన్నీ కలిపితే సరిగ్గా రూపాయి రావాలి. మా కేసులో ఒక్కడికే తొంభై ఆరు పైసలు వచ్చాయి.

ఆ అంకె వచ్చిన రోజు ల్యాబులో ఎవరూ పని చేయలేదు. ఒక్కడికే తొంభై ఆరు అంటే ఇక మారుమాట లేదు. ఆ అక్షరం ఏ జన్యువు గుమ్మంలో నిలబడి ఉందో చూశారు, ఆ జన్యువు తయారుచేసే పదార్థాన్ని అడ్డుకునే మందు తయారైంది, ఎలుకల్లో పరవాలేదనిపించింది, మనుషుల దాకా వచ్చింది, మా అన్నయ్య మోచేతి మడత దాకా వచ్చింది. మా పెద్దాయన, అంటే ల్యాబు నడిపే మనిషి, ఊరూరా తిరిగి ఆ తొంభై ఆరుని తెర మీద వేసి చూపించాడు. వదిన అయితే దాన్ని నీ మందు అంటుంది, ఇవాళ నీ మందు ఎక్కించుకునే రోజు కదా, అని పొద్దున ఫోన్లో అంది, ఆ గొంతులో ఉన్న చల్లదనం వింటూ నేను తెర మీద ఇంకో అంకెని చూస్తున్నాను.

నింద మొత్తం రూపాయి రావాలి, రాక తప్పదు, ఆ పద్ధతి అలాగే కట్టి ఉంది, అక్కడే ఉంది గొయ్యి. గుద్దినవాడు అసలు ఆ గుంపులో లేడనుకో. పోలీసులు వచ్చేలోపే ఎవరో వాణ్ణి పక్కకి తీసుకెళ్ళిపోయారనుకో. అప్పుడు కూడా వాటాలు వేస్తే రూపాయే వస్తుంది. వాడితో ఎక్కువగా తిరిగినవాడి మెడకి చుట్టుకుంటుంది, తొంభై ఆరు పైసలు, మారుమాట లేకుండా. వీళ్ళలో ఎవరు అని అడిగితే లెక్క జవాబు చెబుతుంది. వీళ్ళలో ఉన్నాడా అని దాన్ని ఎవరూ అడగలేదు. అడగాల్సింది నేను. ఆ గుంపులోంచి అక్షరాల్ని పక్కకి తీసుకెళ్ళింది కూడా నేనే. ల్యాబులో నన్ను చీపురు అంటారు, ముద్దుగానే. లెక్క మొదలయ్యే ముందు రాతల్ని శుభ్రం చేయడం నా పని, యంత్రం సరిగ్గా చదవలేని చోట్లని తీసెయ్యడం, మరీ ఎక్కువమందిలో చదవలేకపోతే ఆ చోటుని పూర్తిగా ఊడ్చెయ్యడం. అది అందరూ చేసేదే, చెయ్యకపోతే చెత్త లెక్కలో కలిసి పరువు పోతుంది. సరిగ్గా మా తొంభై ఆరు పైసల వాడి పక్కింట్లో అలాంటి చోటు ఒకటి ఉంది, అవే కొన్ని అక్షరాలు నత్తి మనిషి మాటలా మళ్ళీ మళ్ళీ వస్తాయి, కొందరిలో పదిసార్లు, కొందరిలో యాభై సార్లు. యంత్రం రాతని చిన్న చిన్న ముక్కలుగా చదివేది, ముక్కలన్నీ ఒకేలా ఉంటే ఎన్నిసార్లు వచ్చాయో దానికి తెలిసేది కాదు. చదవలేకపోయింది. నేను ఊడ్చేశాను. నా వేళ్ళకి ఆ సంగతి గుర్తు కూడా లేదు, ఆ రోజు అలాంటి చోట్లు వేలకొద్దీ ఊడ్చి ఉంటాను, టీ తాగుతూ.

సీసా సగమైంది. పక్క మంచం మీద ఒక ముసలాయన ఆవలిస్తున్నాడు, ఆయన కూడా మాలాంటివాడే, ఆయన కొడుకు ఫోన్లో ఎవరికో కొత్త మందండీ, జీన్‌కే డైరెక్టుగా కొడుతుంది అని చెబుతున్నాడు. కొట్టదయ్యా. కొత్త యంత్రం వచ్చింది, పొడుగాటి రాతని ఒకే ఊపిరిలో చదివేస్తుంది. ఒకే ఊపిరిలో, ఎంత సులువుగా అనేశాను. దానితో చదివించిన కొత్త పేషెంట్ల రాతలు నిన్న సాయంత్రం చేరాయి, నత్తి చోటుని కూడా గుంపులో నిలబెట్టి లెక్క మళ్ళీ వేశాను, పొద్దున వచ్చి చూస్తే తొంభై ఆరు పైసల వాడికి మూడు పైసలు మిగిలాయి. మిగతాదంతా నత్తివాడికే. ఎన్ని ఎక్కువసార్లు నత్తి ఉంటే అంత జబ్బు, గీత గీసినట్టు. వాడు తలుపు తట్టే జన్యువు కూడా వేరు, మనం అడ్డుకుంటున్న జన్యువుకి పక్కది. ఇన్నాళ్ళుగా మనం తాళం వేసింది ఏ పాపం ఎరగని ఇంటికి. కోడ్‌లో తప్పుందేమోనని మళ్ళీ వేశాను, మూడు పైసలే, పాత రాతల్లో కూడా ఆనవాళ్ళు వెతికాను, అక్కడా అదే కథ. పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన ఆ అంకెని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత చాలా మర్యాదగా, ఒక్క చోటి పేషెంట్లని చూసి తీర్మానం చేయలేం కదమ్మా, ఇంకో రెండు చోట్ల చూద్దాం, కమిటీకి రాద్దాం, వాళ్ళు నిర్ణయిస్తారు, అప్పటిదాకా ఎవరితోనూ అనకు, ముఖ్యంగా మీ ఇంట్లో, అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చెప్పింది పద్ధతి. కమిటీ కూర్చుని లేచేసరికి ఎన్ని నెలలు పడుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, అన్నయ్య ఊపిరితిత్తులు కమిటీ కోసం ఆగవని కూడా తెలుసు.

నాన్నకి కూడా ఇదే జబ్బు. గోడకి అవతల దగ్గేవాడు, పొడి దగ్గు, తలుపు కింద ఇరుక్కున్న కర్రముక్క రాసుకుంటున్నట్టు ఉండేది, నేను ఆ గోడకి ఇవతల కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని, దగ్గుకీ దగ్గుకీ మధ్య ఒక లెక్క పూర్తయితే నాన్న బతుకుతాడని పందెం కట్టుకునేదాన్ని, దొంగతనంగా చిన్న లెక్కలే ఎంచుకునేదాన్ని. ఆ పిచ్చిలోంచే ఈ చదువులోకి వచ్చాను అనుకుంటా. నాన్న పోయాక అన్నయ్య దగ్గడం మొదలుపెట్టిన రోజు నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది, ఆగు నీ సంగతి చూస్తాను అనుకున్నాను, జబ్బుతో. చూశాను కదా. పక్కింటివాణ్ణి పట్టుకుని చావగొట్టాను.

చెప్పాలి. ఇప్పుడే చెబితే ఇవాళే పరీక్షలోంచి బయటికి రావచ్చు, ఎప్పుడైనా ఎవరైనా తప్పుకోవచ్చని వాళ్ళే అన్నారు, పాత మాత్ర మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మరెందుకు నాలుక లేవడం లేదు. ఎందుకంటే అతను పొద్దున రెండోసారి పెట్టించుకుని తిన్నాడట. ఎందుకంటే బుగ్గల మీద కాస్త కండ పట్టింది, చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడడం మానేసింది, సిస్టర్లతో జోకులు వేస్తున్నాడు. పరీక్షలో ఎందుకు చేరాడని ఎన్నోసార్లు ఆలోచించాను, నా తొంభై ఆరుని నమ్మి చేరాడు, వదిన పోరుతోంది కాబట్టి చేరాడు, నాన్నని చూశాడు కాబట్టి చేరాడు, ఎక్కువ వాటా నాకే వేసుకున్నాను. నన్ను నమ్మినవాడికి నేను తప్పని ఎలా చెప్పను, అదీ సూది చేతిలో ఉండగా. ఇంటికెళ్ళాక చెబుదాం. రేపు చెబుదాం. కమిటీ చెబుతుంది.

"అన్నయ్యా, ఈ మందు పనిచేయదు."

నేనే అన్నాను. నా గొంతే. పక్క మంచం వాళ్ళకి వినపడలేదు. మొత్తం చెప్పేశాను, నత్తి అక్షరాలు, చీపురు, మూడు పైసలు, పెద్దాయన ఫోను, ఇవాళ పడిపోయిన అంకె, ఒకసారి మొదలయ్యాక ఆపుకోలేకపోయాను, పాత మాత్ర ఇవాళో రేపో మొదలుపెట్టాలి అన్నయ్యా అని కూడా అన్నాను. అతను కిటికీ వైపు తల తిప్పుకుని వింటున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండును.

"అంకె పడిపోయిందని నువ్వు నాకు చెప్పాలటే. ఊదింది నేనే కదా."

మరి, అన్నాను. మరేం లేదు, ఎక్కనీ, అన్నాడు. పని చేయదని చెబుతున్నాను కదా అంటే, విన్నాను, చెవులు బాగానే ఉన్నాయి అన్నాడు. కాసేపు గాలి కూడదీసుకున్నాడు. తర్వాత చాలా మామూలుగా, గేరు ఎలా మార్చాలో చెబుతున్నట్టు చెప్పాడు. నేను దీనిలో చేరింది మందు కోసం కాదే, ఆ మాత్ర మానడం కోసం. అది వేసుకున్నన్నాళ్ళూ మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య బతికాను. అన్నం చూస్తే వాంతి. ఎండ తగిలితే ఒళ్ళు మంట, పగలంతా కర్టెన్లు వేసుకుని పడి ఉండడం. దానివల్ల ఎన్ని నెలలు ఎక్కువ వస్తాయని డాక్టర్‌ని అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. ఊరికే మానేస్తానంటే మీ వదిన ఊరుకుంటుందా, గుండెలు బాదుకుంటుంది. పరీక్షలో చేరితే మానక తప్పదట, షరతట అన్నాను. సరేనంది. సంతోషంగా సరేనంది. కాబట్టి నీ లెక్క తప్పయినా ఒప్పయినా నా పని జరిగిపోయింది, నువ్వేం మనసులో పెట్టుకోకు.

నేను వేసిన వాటాల్లో ఇది లేదు. పైసా కూడా లేదు. ఇన్నేళ్ళుగా ఎదురుగా చూస్తున్న మనిషి గురించే.

నువ్వు చచ్చిపోతావు అన్నయ్యా అన్నాను, చిన్నపిల్లలా. మాత్ర వేసుకుంటే చావనా అన్నాడు. కాస్త ఆలస్యంగా అన్నాను. ఆ ఆలస్యం ఎవరు అనుభవిస్తారే, నేనా మీరా, అన్నాడు. దీనికి జవాబు ఉండాలి, మా శాస్త్రంలో ఉండాలి, మిగిలిన నెలల్ని వాటిలో పడే బాధతో గుణించి తూచే లెక్కలు కూడా చేస్తారు కొందరు, నేను వాళ్ళని చూసి నవ్వేదాన్ని. అతను నా వేళ్ళు పట్టుకున్నాడు, సూది లేని చేత్తో, గోళ్ళు నీలంగా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి.

"మీ వదినకి మాత్రం చెప్పకు."

వదిన ఆ మాటకే వచ్చినట్టు తలుపు తోసుకుని వచ్చింది. తను పనిచేసే పిల్లల బడి ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి బస్సెక్కి వచ్చింది, మెడ మీద చెమట, చేతిలో అన్నం క్యారేజీ. దాన్ని మంచం మీద పెట్టి, అన్నయ్య నుదురు ముట్టుకుని చూసి, సీసా వైపు ఒకసారి దండం పెట్టినంత పని చేసి, ఊదుడు ఎంత వచ్చింది అని అడిగింది. బాగానే వచ్చింది అన్నాడు అన్నయ్య. వదిన అతని వైపు చూడనే లేదు. ఈయన నోట్లోంచి నిజం రావాలంటే జరిమానా వెయ్యాలి అంటూ నా వైపు తిరిగి, నువ్వు చెప్పు, అంది.

అన్నయ్య కళ్ళతో సైగ కూడా చేయలేదు, అడగాల్సింది ఒక్కసారి అడిగేశాడు, రెండోసారి అడిగే అలవాటు లేదు. వదిన కళ్ళద్దాల మీద బస్సు దుమ్ము ఉంది, వాటి వెనక కళ్ళు నన్ను చూస్తున్నాయి, నీ మందు అని ఫోన్లో అన్న మనిషి కళ్ళు. బాగానే వచ్చింది వదినా. ఎంత చిన్న వాక్యం. అది చెబితే ఆవిడ ఇవాళ నవ్వుతుంది, క్యారేజీ విప్పుతుంది, ముగ్గురం తింటాం, ఇంకొన్నాళ్ళు తింటాం. ఆ తర్వాత ఒక రోజు అన్నయ్య వాక్యానికి ఆరుసార్లు ఆగుతాడు, అప్పుడు ఆవిడ నన్ను అడుగుతుంది, నీకు ఎప్పటి నుంచి తెలుసు అని. లేదా అడగదు, అది ఇంకా ఘోరం. అతని ఊపిరి అతనిది. ఆవిడ మొగుడు ఆవిడ వాడు కూడా కదా. నా అన్న నాకు కూడా కదా. నేను ఎవరి కోసం నోరు తెరుస్తున్నానో తేల్చుకోకుండానే తెరిచాను.

"పడిపోయింది వదినా. ఆ మందు పనికిరాదు. నా లెక్క తప్పు. పాత మాత్ర మళ్ళీ మొదలుపెట్టాలి."

ఆవిడ ఏడవలేదు. తిట్టనూ లేదు. కుర్చీ వీపు పట్టుకుని, మళ్ళీ మొదలుపెడితే పనిచేస్తుందా అని అడిగింది, నెమ్మదిస్తుంది అన్నాను. అయితే ఇవాళే, అంది. కళ్ళద్దాలు తీసి పమిట కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది, డాక్టర్ ఏ గదిలో ఉంటాడని సిస్టర్‌ని అడిగి, సమాధానం పూర్తిగా వినకుండానే వెళ్ళిపోయింది. కారిడార్‌లో ఆవిడ చెప్పుల చప్పుడు, నడక కాదు, పరుగు.

అన్నయ్య క్యారేజీ దగ్గరికి లాక్కున్నాడు. ఒంటిచేత్తో మూత రావడం లేదు, సాయం చేయబోతే నా చెయ్యి తోసేశాడు, మోకాళ్ళ మధ్య బిగించుకుని తనే తీసుకున్నాడు. వేడి ఆవిరి లేచింది. ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలా నెమ్మదిగా నమిలాడు, ఇంకో ముద్ద తిన్నాడు, మూడోది చేతిలోనే ఉండిపోయింది.

"హాయిగా తింటున్నాను కదే," అన్నాడు.